వడగళ్ళు ఏకిన నబీ రసూల్

సౌదీలోని ఖమీస్ ముషైత్ ఊరు మొత్తం గాలించినా మంచు తోసే మిషన్ ఉన్న ఇల్లు బహుశా ఒక్కటే ఉంటుంది. ఆ మిషన్‌ను ప్రతి శుక్రవారం తుడిచి, గుడ్డ కప్పి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు గ్యారేజీలో మూలకు పెట్టే మనిషి కూడా ఒక్కడే. అతని పేరు నబీ రసూల్. రాయచోటి పక్క పల్లెలో దూదేకుల ఇంట పుట్టి, ఇరవై రెండేళ్ళుగా ఆ అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా ఉన్నాడు.

ఆ ఇంట్లో అతణ్ణి అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నబీ అన్నా, రసూల్ అన్నా ప్రవక్తేనాయె. ప్రవక్తను పిలిచినట్టు పిలిచి, కారు టైరు మార్చమని ఏ అరబ్బుకు నోరొస్తుంది? వచ్చిన మొదటి రోజే ఇంటి పెద్దావిడ ఉమ్ ఫారిస్ తలుపు చాటు నుంచి, "నీకు పిల్లలున్నారా?" అని అడిగింది. ఆరు నెలల కూతురుందనీ, పేరు ఉమేరా అనీ చెప్పాడు. "అయితే నువ్వు అబూ ఉమేరావి" అని ఆమె తేల్చేసింది. ఉమేరా వాళ్ళ నాన్న అని అర్థం. అరబ్బులు గౌరవించదలచిన మనిషిని అలాగే బిడ్డ పేరు కలిపి పిలుస్తారు.

ఆ గౌరవం దక్కిన మూడో రోజే నబీ రసూల్ ఆవిడ రేడియో తగలబెట్టాడు.

కావాలని చేసింది కాదు. పాత సౌదీ ఇళ్ళలో కరెంటు రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని సాకెట్లలో నూట పది, కొన్నింటిలో రెండొందల ఇరవై. రాయచోటిలో కరెంటు ఉంటుంది, లేకపోతే పోతుంది. అంతేగానీ రెండు రకాలుండడం అక్కడ ఎవరూ వినలేదు. ఉమ్ ఫారిస్ తన రేడియోకు కొత్త ప్లగ్గు వేయించుకు రమ్మని పనిమనిషితో పంపింది. అతను వేయించుకొచ్చాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. పనితనం చూసుకుందామని తన గదిలో గోడకు గుచ్చాడు. రేడియో ఒక్క కేక వేసి, పొగ వదిలి, చల్లబడిపోయింది. అది ఆవిడకు పోయిన భర్త కొనిచ్చిన మొదటి వస్తువని ఆ సాయంత్రం తెలిసింది.

ఆవిడ తిట్టలేదు. తలుపు వెనక నుంచి ఒక్క మాట అంది: "ఇక మీదట ఈ ఇంట్లో ప్లగ్గు అనేది అబూ ఉమేరా చేతికి ఇవ్వకండి." కారు తాళాలు అతనికిచ్చారు. బడికి పోయే పిల్లల్ని ఇచ్చారు. ఆవిడ మోకాళ్ళ ఆపరేషనప్పుడు ఆసుపత్రికి భద్రంగా తీసుకుపోయే పనీ ఇచ్చారు. ప్లగ్గు మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఇవ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నబీ రసూల్ ఆ వారమే ఎర్రటి గోళ్ళ రంగు సీసా కొని, బయటి వైపున్న రెండొందల ఇరవై సాకెట్లన్నింటికీ తలా ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్కలు వెలిసినప్పుడల్లా మళ్ళీ పెట్టేవాడు.

ఇక మిషన్ సంగతి. ఉమ్ ఫారిస్ మనవడు నవాఫ్ కెనడాలో ఐదేళ్ళు చదివి, అక్కడి తన సామానంతా ఓడలో వేయించుకుని వచ్చాడు. సామాను విప్పుతుంటే సోఫాల మధ్య నుంచి ఇది బయటపడింది. పొడుగాటి పిడి, ముందర రబ్బరు రెక్కలు తిరిగే దొప్ప, పైన ఎటు కావాలంటే అటు తిరిగే మెడ. ఒంటి చేత్తో ఎత్తగలిగేంత తేలిక. అక్కడ తన ఇంటి ముందు కారు దారిని రోజూ దీంతోనే శుభ్రం చేసుకునేవాడట. అమ్మడానికి మనసొప్పలేదన్నాడు. దాని తీరంతా నబీ రసూల్‌కు కూర్చోబెట్టి చెప్పాడు: వైరు ఎప్పుడూ భుజం మీదుగా వెనక్కి ఉండాలి, లేకపోతే మిషన్ తన వైరు తానే తింటుంది. సాకెట్టు దగ్గర మొదలుపెట్టి దూరంగా పోవాలి. గాలి ఎటు పోతుంటే అటే చిమ్మాలి. మెడలో మంచు ఇరుక్కుంటే కరెంటు తీసి కర్రతో పొడవాలి గానీ చెయ్యి పెట్టకూడదు. మరీ ముఖ్యంగా, ఇది నూట పది మిషన్.

పక్కింటి డ్రైవరు అబ్దుల్ ఘనీది కరీంనగర్. అతను గోడ మీద మోచేతులానించి అంతా విని నవ్వాడు.

"ఎండల మాడే దేశంల మంచు మిషన్ ఏందన్నా? అంబలి తాగెటోనికి మీసాలెత్తెటోడు ఒకడన్నట్టు. దాన్ని తుడుసుడు నీకొక పని."

ఆ మాటకు రోషం వచ్చి, ఒక దుమారం వెలిసిన పొద్దున నబీ రసూల్ నవాఫ్‌ను బతిమాలి వంటింటి సాకెట్టుకు వైరు పెట్టించాడు. మంచు లేకపోతే ఇసకైనా తోసి చూపిద్దామని పట్టుదల. మిషన్ బ్రహ్మాండంగా తోసింది. తోసిన ఇసకంతా గోడ దాటి, అబ్దుల్ ఘనీ అప్పుడే తళతళలాడేట్టు కడిగిన తెల్ల కారు మీద పడింది. మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ తర్వాత వంటిల్లు పడగొట్టి కొత్తగా కట్టించారు. కొత్త గోడల్లో అన్నీ రెండొందల ఇరవై సాకెట్లే. కరెంటు తగ్గించే చిన్న పెట్టె ఒకటి ఉండేది గానీ అది మిక్సీకే మూలిగేది. నవాఫ్ ఉద్యోగానికి రియాద్ పోయాడు. మిషన్ గుడ్డ కిందే ఉండిపోయింది.

ఈ లోపు ఆ ఇంట్లో ఒక వింత జరిగింది. ఒక రోజు కారులో వెనక సీటు నుంచి ఉమ్ ఫారిస్, "ఉమ్ ఉమేరా మక్కా చూసిందా?" అని అడిగింది. ఉమ్ ఉమేరా అంటే నబీ రసూల్ భార్య అమీరున్నీసా. చూడలేదన్నాడు. "ఇరవై రెండేళ్ళు మా కారు నడిపినవాడి భార్య మక్కా చూడలేదంటే రేపు దేవుడు నన్నడుగుతాడు" అని ఆవిడ కొడుకు వెంట పడింది. కొడుకు ఫారిస్, నబీ రసూల్‌కు కఫీలు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. తల్లి పోరు పడలేక తన పేరు మీద విజిట్ వీసా తీసిచ్చాడు. బెంగుళూరు నుంచి జెద్దా, జెద్దా నుంచి ఖమీస్ పక్కనున్న అభా. ఏప్రిల్ నెలలో ఒక గురువారం మధ్యాహ్నం మూడున్నరకు అభాలో దిగుతుంది.

అమీరున్నీసా విమానం ఎక్కడం అదే మొదలు. అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. చేతిలోని ఫోను ఇక్కడ పని చెయ్యదు. జెద్దాలో విమానం మారేందుకు తోడుగా మదనపల్లె వాళ్ళు దొరికారు, అక్కణ్ణుంచి ఒంటరి. బయలుదేరే ముందు ఫోనులో ఒకటే చెప్పింది.

"వాకిలి దాటి బయటికొచ్చేతలికి నువ్వు ఎదురుగా నిలబడుండాల. యాడ పోవాలో, ఎవర్నడగాలో నాకేం తెలీదు. నిన్ను జూసినాకనే పెట్టె కింద పెడతా."

"నిలబడుంటా మే. గంట ముందే వచ్చి నిలబడుంటా" అన్నాడు నబీ రసూల్.

మామూలుగా ఇచ్చిన మాట కాదది. ఇరవై రెండేళ్ళలో పదకొండు సార్లు అతను సెలవు మీద ఇంటికి పోయాడు. బస్సు ఏ వేళకు వచ్చినా, ఎన్ని గంటలు ఆలస్యంగా వచ్చినా, రాయచోటి బస్టాండులో అమీరున్నీసా నిలబడి ఉండేది. ఒకసారి జ్వరంతో నిలబడింది. పదకొండు సార్లూ ఎదురు చూసింది ఆమే. తనకు ఆమె కోసం ఎదురు చూసే అవకాశం బతుకులో మొదటిసారి వచ్చింది. ఆ ఒక్కసారి తప్పకూడదు. అంతకు మించి అతనికి ఆ రోజు ఏ కోరికా లేదు.

గురువారం ఇల్లంతా ఖాళీ. ఫారిస్ కుటుంబం పనిమనిషితో సహా తాయిఫ్‌లో పెళ్ళికి పోయింది. మోకాళ్ళ నొప్పులని ఉమ్ ఫారిస్ ఉండిపోయింది. సాయంత్రానికి కూతురు వచ్చి తోడుంటానంది. నబీ రసూల్ కారు కడిగి, ఉతికిన చొక్కా వేసుకుని, మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఆ ఊరున్న అసీర్ కొండల్లో వసంతకాలపు వానలు కొత్త కాదు. కానీ అది వాన కాదు. రేగుపళ్ళంత వడగళ్ళు ఇరవై నిమిషాల పాటు రేకుల మీద రాళ్ళ దెబ్బల్లా పడ్డాయి. వెలిశాక చూస్తే నేల కనబడలేదు. గ్యారేజీ నుంచి గేటు దాకా ఏటవాలుగా పైకెక్కే కారు దారి నిండా జానెడు మందాన తెల్లగా పరుచుకుని ఉంది.

కారు తీశాడు. రెండు గజాలు ఎక్కి, చక్రాలు గోలీల మీద తిరిగినట్టు తిరిగి, కారు వెనక్కి జారి గ్యారేజీ గుమ్మానికి ఆనింది. ఇంకోసారి ప్రయత్నిస్తే అదే. పార తీసుకుని తోడడం మొదలుపెట్టాడు. పావుగంట తోడితే మూడు బారలు తెగింది, నడుము పట్టేసింది. దారేమో నలభై గజాలు. గేటు బయట పెద్ద రోడ్డు మీద బలదియా, అంటే మునిసిపాలిటీ వాళ్ళ లోడరు వడగళ్ళు తోస్తున్న మోత వినబడుతోంది. గేటు దాకా ఎక్కగలిగితే చాలు, ఆ పైన దారి ఉంది. టాక్సీకి ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు. టైము రెండూ ముప్పావు అయింది.

అప్పుడతను గ్యారేజీ మూలకు చూశాడు.

గుడ్డ లాగి మిషన్ బయటకు తెచ్చాడు. దాని మెడ లోపల వంట నూనె పట్టించాడు. పనసకాయ కోసేవాడు చేతులకు నూనె రాసుకుంటాడు కదా, అంటుకోకుండా, అలా. ఎక్స్‌టెన్షన్ వైరు కలిపిన చోట ప్లాస్టిక్ సంచి చుట్టి గట్టిగా కట్టాడు. అంతా సిద్ధం. ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా గోడ మీద తను పెట్టిన ఎర్ర చుక్కలు వరసగా అతన్నే చూస్తున్నాయి. ఇంట్లో నూట పది సాకెట్టు ఇంకొక్కటే మిగిలిందని అతనికి తెలుసు. అది ఉమ్ ఫారిస్ గదిలో ఉంది.

ఆ గది ఆడవాళ్ళ వైపు. దాని కిటికీ కారు దారి పక్కనే ఉన్నా, ఆ కొయ్య తలుపులు తెరుచుకోగా అతనెన్నడూ చూడలేదు. ఇరవై రెండేళ్ళలో అతనికి ఆవిడ ముఖం తెలియదు. కారు అద్దంలో నల్ల ముసుగు మధ్య రెండు కళ్ళు, ఒక గొంతు, అంతే. ఇప్పుడు ఆ కిటికీ కొట్టాలి. కొట్టి, ఆవిడ రేడియోను తగలబెట్టిన చేతులతోనే ప్లగ్గు అందించాలి. అమీరున్నీసా గుర్తు రాకపోయి ఉంటే అతను చచ్చినా ఆ పని చేసి ఉండడు.

కిటికీ కిందికి పోయి, గట్టిగా దగ్గి, వీపు గోడ వైపు తిప్పి నిలబడ్డాడు. ఆ ఇంటి పనివాళ్ళంతా పిలిచినట్టే మామా, అంటే అరబ్బీలో అమ్మా, అని పిలిచాడు.

"మామా! నేను, అబూ ఉమేరాని. కారు కదలడం లేదు. ఉమ్ ఉమేరా దిగే టైమైంది. మిషన్‌కు నీ గదిలో కరెంటు కావాలి."

 లోపల కర్ర టకటకలాడింది. కొయ్య తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. నబీ రసూల్ తల తిప్పకుండా ప్లగ్గును భుజం మీదుగా వెనక్కి చాచాడు. ఆవిడ తీసుకోలేదు.

"నూట పదేనా?" అని అడిగింది.

"వల్లాహి, దేవుడి మీద ఒట్టు, నూట పదే మామా."

"పోయినసారి కూడా నీకు తెలుసనే అనుకున్నాను."

నబీ రసూల్ కళ్ళు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా గొంతులో పెట్టుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. "అప్పుడు తెలియదు మామా. మా ఊళ్ళో ఒకటే కరెంటు. నీ మనసు కష్టపెట్టానని నేను అనుకోని రోజు లేదు."

 అతని చేతిలో ప్లగ్గు కదిలింది, తర్వాత చెయ్యి తేలికైంది. వైరు సరసరా లోపలికి పోయింది.

"రేడియో ఉండిన సాకెట్టు ఇదే. అప్పటి నుంచి ఇందులో దేన్నీ పెట్టలేదు. పనిచేస్తుందో లేదో దేవుడికే తెలియాలి" అంది ఆవిడ లోపల్నుంచి.

మీట నొక్కగానే మిషన్ గుర్రుమంది. నాలుగడుగులు పోయి ఆగిపోయింది. మళ్ళీ గుర్రుమంది, మళ్ళీ ఆగింది. సాకెట్టు పాతదై వదులైపోయింది, వైరు లాగినప్పుడల్లా ప్లగ్గు జారిపోతోంది.

"కుర్చీ వేసుకుని నా కర్రతో నొక్కి పడతాను. నువ్వు పని చూసుకో" అని ఆవిడ కేక వేసింది.

"నేను చాలనేదాకా వదలొద్దు మామా!"

ఇప్పుడు మిషన్ ఆగలేదు. కానీ తొందరలో దొప్ప నిండా ఒక్కసారే తోసేసరికి మెడ పూడుకుపోయింది. "తియ్యి మామా" అని ఆపించి, గరిటె కాడతో పొడిచి, "పెట్టు మామా" అన్నాడు. రెండోసారీ అంతే అయింది. నబీ రసూల్ ఒక్క క్షణం నిలబడ్డాడు. వాళ్ళ నాన్న మస్తాన్ గుర్తొచ్చాడు. వింటి నారిని కొయ్యతో మీటుతూ దూది ఏకే చోట, చిన్నప్పుడు తను ఆత్రంగా గుప్పెళ్ళు గుప్పెళ్ళు దూది ముందుకు తోస్తుంటే నాన్న అనేవాడు: "కొంచెం కొంచెం పెట్టు నాయనా. విల్లుకు ఆకలెంతో అంతే పెట్టల్ల."

ఆ తర్వాత అతను మిషన్‌కు ఆకలెంతో అంతే పెట్టాడు. దొప్పలో సగం వెడల్పే పట్టి, నింపాదిగా, అంచు వెంబడి ఒక గీత, దాని పక్కన ఇంకో గీత. వైరు భుజం మీద ఉంది. గాలి అటు పోతోంది గనుక మెడ తోట వైపు తిప్పాడు. వడగళ్ళు పొడిపొడై తెల్లగా ఎగిరి, నిమ్మచెట్ల మీద పడసాగాయి. చిన్నప్పుడు ఇంట్లో ఎగిరే దూది అచ్చం అలాగే ఉండేది, అమ్మ కొంగు మీదా, అన్నం కుండ మీదా పడి. పరుపుల కంపెనీలు వచ్చి ఆ విల్లును అటక ఎక్కించాయి. అతను స్టీరింగు పట్టి దేశం దాటాడు. కులవిద్య తనతోనే పోయిందనుకున్నవాడు అరబ్బు కొండ మీద నిలబడి వడగళ్ళు ఏకుతున్నాడు. తను ఏడుస్తున్నట్టు కాసేపటికి గానీ తెలియలేదు.

గోడ మీద అబ్దుల్ ఘనీ తల లేచింది. ఈసారి నవ్వలేదు.

"కానియ్యన్నా, కానియ్యి! గేటు నేను తీస్త!" అని అరుస్తూ చుట్టూ తిరిగి పరిగెత్తాడు.

మిషన్ గేటు చేరేసరికి మూడూ నలభై. విమానం దిగి పది నిమిషాలు. మిషన్‌ను అక్కడే గోడకు ఆనించి, కారెక్కి, తడి నేల మీద జారకుండా మెల్లగా ఎక్కించి రోడ్డున పడ్డాడు. వంతు వంతుగా కార్లను వదులుతున్నారు. ప్రతి మలుపులో అతనికి బయటికొచ్చి అటూ ఇటూ చూస్తున్న అమీరున్నీసా కనబడింది. ఏ కారు వాడో ఎక్కించుకున్నాడేమో, తనను తిట్టుకుంటోందేమో, ఏడుస్తోందేమో. ఎయిర్‌పోర్టు చేరేసరికి నాలుగున్నర దాటింది. లోపలికి పరిగెత్తాడు.

వచ్చేవాళ్ళ వాకిలికి ఎదురుగా, నల్ల బురఖాలో, పెట్టె మీద నిటారుగా కూర్చుని ఉంది. వాకిలి వైపు కాకుండా బయటి తలుపు వైపే చూస్తోంది. అతణ్ణి చూసి లేచింది. చొక్కా తడిసి, మోకాళ్ళ దాకా బురద, జుట్టులో నలిగిన ఆకులు. ముందు చిన్నగా నవ్వింది.

"ఆలస్యమయిపాయె మే" అన్నాడు, ఊపిరి అందక. "గంట పైనే. వడగండ్లు పడి... నేను ముందే నిలబడాలనుకుంటి..."

"ఇరవై రెండేండ్లు కాచుకున్నదాన్ని, గంటకు యాడికి పోతాననుకున్నావు?" అంది అమీరున్నీసా. "రాక యాడికి పోతాడులే అని కూసున్నా. పా, ఇంటికి పోదాం."

దారంతా అతను మిషన్ కథే చెప్పాడు. రేడియో సంగతి ఆమెకు ముందే తెలుసు, పదకొండు సెలవుల్లోనూ చెప్పాడాయె. ఇంటికొచ్చేసరికి చీకటి పడబోతోంది. కారు దారికి ఆ పక్కా ఈ పక్కా తెల్లటి గట్లు ఇంకా కరగలేదు. తనుండే వైపు రోడ్లు మూసుకుపోయి ఉమ్ ఫారిస్ కూతురు ఇంకా రాలేదు. కొయ్య తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వైరు కిటికీలోంచి లోపలికి, పోయినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

నబీ రసూల్ పరుగున కిటికీ కిందికి పోయాడు. గోడ వైపు వీపు తిప్పి నిలబడి, మెల్లగా పిలిచాడు.

"మామా?"

"వచ్చిందా?" అంది లోపల్నుంచి గొంతు. అలిసిపోయి ఉంది.

"వచ్చింది మామా. నువ్వింకా అక్కడే కూర్చున్నావా? కర్ర పట్టుకునే?"

"నువ్వు చాలనలేదు కదా."

 నబీ రసూల్ తొందరలో చాలు అనడం మరిచిపోయాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో, చల్లగాలికి తెరిచిన కిటికీ పక్కన, ఎప్పుడో ఆగిన మిషన్ కోసం ప్లగ్గును కర్రతో నొక్కి పట్టుకుని రెండు గంటలు దాటి కూర్చుంది. అతణ్ణి నమ్మి అక్కడొకామె, ఇక్కడొకామె. ఇందరి నమ్మకానికి తనేం చేశాడో అతనికి అర్థం కాలేదు. ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"చాలు మామా. ఇక చాలు."

లోపల ప్లగ్గు నేల మీద పడిన చప్పుడైంది. తర్వాత కిటికీలోంచి ముడతలు పడిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. నబీ రసూల్ తల తిప్పలేదు గనుక చూడలేదు. అమీరున్నీసా చూసింది. ఆమెకు ఒక్క అరబ్బీ ముక్క రాదు, అయినా ముందుకు పోయి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"ఎంత చల్లగుందో చెయ్యి" అంది మొగుడితో తెలుగులో. "ఇట్లనే మాట్లాడుకుంటా నిలబడతావా? నేను లోపలికి పోయి ఈ యమ్మకు కాళ్ళు పిసుకుతా. దోవ యాడిది?"

"లోపలికి నాకు దోవ తెలీదు మే" అన్నాడు నబీ రసూల్. "నేనెప్పుడూ పోలే."

"ఉమ్ ఉమేరా, ఇటు తలుపు" అని ఆవిడ లోపల్నుంచి పిలిచింది, కర్ర టకటకలాడించుకుంటూ. అమీరున్నీసా పెట్టె అతని చేతికిచ్చి, ఆ చప్పుడు వెంబడి పోయింది. నబీ రసూల్ గేటు దగ్గరి మిషన్‌ను ఎత్తుకొచ్చి, తడి తుడిచి, గుడ్డ కప్పి, వైరు చుట్టలు చుట్టుతూ కిటికీ కింద కూర్చున్నాడు. లోపల ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి భాష ఒకరికి రాకుండా, ఒకేసారి మాట్లాడుకుంటున్నారు.